గొంతు పోయిన పదిహేను రోజులు

కవిటి దాటి కొబ్బరి తోటల్లోకి ఇంకొంత దూరం పోతే వచ్చే ఒక ఊరి హైస్కూలుకు నేను లెక్కల టీచరుగా బదిలీ అయి వెళ్లేనాటికి నాకు పదకొండేళ్ల సర్వీసు ఉంది. మాది టెక్కలి. కాపురం కాశీబుగ్గలో. పొద్దున్నే బస్సెక్కి, కవిటిలో దిగి, ఆటో పట్టుకుని ప్రార్థన వేళకు బడి గేటు దగ్గర ఉండేదాన్ని. పదకొండేళ్లు పాఠం చెప్పినదాన్ని కాబట్టి క్లాసును అదుపులో పెట్టడం నాకు వచ్చుననే అనుకున్నాను. తొమ్మిదో తరగతి బి సెక్షన్ ఆ నమ్మకాన్ని మూడు వారాల్లో తుడిచిపెట్టేసింది.

నలభై ఒక్క మంది పిల్లలు. నేను బోర్డు వైపు తిరగ్గానే ఎక్కడి నుంచో ఒక శబ్దం మొదలయ్యేది. నోళ్లు మూసుకుని ముక్కుతో తీసే శబ్దం, తేనెటీగల రొద లాంటిది. నేను వెనక్కి తిరిగితే అందరూ బుద్ధిగా పుస్తకాల్లోకి చూస్తుండేవారు. మళ్లీ బోర్డు వైపు తిరిగితే మళ్లీ అదే. వెనక బెంచీలో అందరికన్నా పొడుగ్గా ఉండే ఒక అబ్బాయి రెండు వేళ్లతో బెంచీ మీద దరువు వేసేవాడు. ముందు బెంచీల వాళ్లు దానికి తల ఊపేవారు. నేను అరిచేదాన్ని. అరిస్తే అయిదు నిమిషాలు ఆగేది. తర్వాత ఇంకొంచెం గట్టిగా అరవాల్సి వచ్చేది.

స్టాఫ్ రూములో ఈ సంగతి చెప్పుకుంటే, రిటైర్మెంటుకు దగ్గరపడిన తెలుగు మాస్టారు నవ్వేశారు.

"తొమ్మిది బి అంటే అంతేనమ్మా. మీరు పాఠం చెప్పుకుంటూ పొండి. ఇన్నవాడు ఇంటాడు, ఇననోడు నేదు. ఏడాది గడిస్తే సాలు."

ఏడాది గడిపేయడానికి నేను రోజూ రెండు గంటల ప్రయాణం చేసి రావడం లేదు. ఆ మాట పైకి అనలేదు గాని, మర్నాడు బెత్తం ఒకటి తెప్పించాను. పిల్లల్ని కొట్టకూడదని నాకు తెలియక కాదు. తెలిసే తెప్పించాను. చేతిలో ఉంటే చాలు, వాడక్కర్లేదని నన్ను నేను సమాధానపరచుకున్నాను.

ఆ వారంలోనే ఒకరోజు వర్షం పడుతోంది. గది చీకటిగా ఉంది, కరెంటు లేదు. బహుపదుల పాఠం. బోర్డు మీద రెండో వరుస రాస్తుండగా రొద మొదలైంది. గిర్రున తిరిగాను. మూడో బెంచీ చివర కూర్చున్న ఒక అమ్మాయి పెదవులు బిగించుకుని నవ్వు ఆపుకుంటోంది. తెలివైన పిల్లే. ఎదురు మాట్లాడుతుందని అప్పటికే పేరు పడింది.

"లే. నువ్వేనా?"

"నాను కాదు టీచర్."

"మరి ఎందుకు నవ్వుతున్నావు?"

ఆ పిల్ల బెంచీ అంచు పట్టుకుని నిలబడింది.

"నువ్వు కాకపోతే ఎవరో చెప్పు."

"సెప్పను."

ఆ ఒక్క మాట నాకు ఎక్కడో తగిలింది. చెయ్యి చాపమన్నాను. చాపింది. రెండు దెబ్బలు వేశాను. చెయ్యి వెనక్కి తీసుకోలేదు, ఏడవలేదు. దెబ్బలు అయ్యాక సంచిలో పుస్తకాలు సర్దుకుని, నా పక్క నుంచే నడిచి, వర్షంలోనే బయటికి వెళ్లిపోయింది. క్లాసంతా నిశ్శబ్దమైపోయింది. దారికి వచ్చారనుకున్నాను. నలభై మంది నా మీద కోపంతో నోరు మూసుకున్నారన్న సంగతి ఆ వేళ నాకు తట్టలేదు.

మర్నాడు ఆ పిల్ల రాలేదు. మూడో బెంచీ చివర ఖాళీగా ఉంది. నేను బోర్డు వైపు తిరిగాను. రొద మొదలైంది.

ఎప్పటిలాగే, అంతే గట్టిగా. సుద్దముక్క పట్టుకుని బోర్డు వైపే చూస్తూ అలాగే నిలబడిపోయాను. ఆ పిల్ల ఊరి అవతల ఎక్కడో తన ఇంట్లో ఉంది. శబ్దం ఇక్కడ గదిలో ఉంది. తను కాదన్నప్పుడు ఆ పిల్ల నిజమే చెప్పింది.

అప్పుడైనా ఆగాను కాదు. సిగ్గుతో పుట్టిన కోపం మామూలు కోపం కన్నా చెడ్డది. ఆ రోజు నాలుగు పీరియడ్లూ అరిచాను. సాయంత్రం ఆటో డ్రైవరుకు ఎక్కడ దిగాలో చెబుదామని నోరు తెరిస్తే మాట రాలేదు. గాలి మాత్రం వచ్చింది. మూడు రోజులు వేణ్నీళ్లు, మిరియాలు, అల్లం అన్నీ అయ్యాక టెక్కలిలో గొంతు డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆయన సన్నటి గొట్టం పెట్టి చూసి, గొంతు తీగల మీద వాపు ఉందన్నారు.

"పదిహేను రోజులు మాట్లాడకండి. గుసగుస కూడా వద్దు, అది ఇంకా ప్రమాదం. టీచరు కదా, సెలవు పెట్టేయండి."

సెలవులు నాకు మిగల్లేదు. అమ్మ ఆపరేషనుకు అన్నీ వాడేశాను. జీతం లేని సెలవు పెట్టవచ్చు, కానీ మా బడిలో ఇంకో లెక్కల టీచరు లేరు. పైగా ఖాళీ బెంచీ నా కళ్ల ముందు నుంచి కదలడం లేదు. ఆ పిల్ల అప్పటికి నాలుగు రోజులుగా బడికి రాలేదు.

హెడ్మాస్టరు గారి బల్ల మీద కాగితం పెట్టి రాశాను: "మాట్లాడకుండా క్లాసు తీసుకుంటాను. పదిహేను రోజులు చూడండి."

ఆయన కళ్లజోడు పైకి తోసుకున్నారు. "మాటుంటేనే ఆ క్లాసు మీ మాట ఇన్నేదు కదమ్మా, మాట నేకుండా ఏటి సేత్తారు?"

నేను కాగితం మీద రాసినదాని కింద గీత గీసి ఆయన వైపు తోశాను. ఆయన సరేనన్నట్టు చెయ్యి ఊపారు.

ముందు చేయాల్సిన పని ఇంకొకటి ఉంది. ఆ సాయంత్రం బడి ఆయమ్మను తోడు తీసుకుని ఆ పిల్ల ఇంటికి వెళ్లాను. తోటల మధ్య ఇసుక దారి, కొబ్బరాకుల దడి, రెండు గదుల ఇల్లు. తండ్రి లేడు, చెన్నైలో పనికి వెళ్లాడని ఆయమ్మ దారిలో చెప్పింది. తల్లి ఊరి చివర జీడి పరిశ్రమలో పిక్కలు కొడుతుంది. మేం వెళ్లేసరికి అప్పుడే పని నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటోంది. జీడి చమురుకు వేళ్ల చివర్లు నల్లగా మాడిపోయి ఉన్నాయి. నన్ను చూసి కంగారుగా కొంగు సర్దుకుంది.

"టీచరమ్మకి గొంతు పోనాదే. మాటాడకూడదంట," అంది ఆయమ్మ.

"అయ్యో, కూకోండమ్మా. ఏటి సేసినాదమ్మా మా పిల్ల, మీరింత దూరం వొచ్చినారు?"

నేను సంచిలోంచి కాగితం తీసి ఇచ్చాను. ఇంటి దగ్గర నాలుగు సార్లు చించి అయిదోసారి రాసిన కాగితం. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"నాకు సదువు రాదమ్మా." ఆయమ్మ వైపు చూసింది. ఆయమ్మ కూడా తల అడ్డంగా ఊపింది. "ఒసే, ఇటు రా. టీచరమ్మ ఏటి రాసినారో సదువు."

దాన్ని ఆ పిల్లే చదవాల్సి వస్తుందని నేను ఆలోచించలేదు. ఆ పిల్ల లోపలి గదిలోంచి వచ్చింది. నా వైపు చూడకుండా కాగితం అందుకుంది. పాఠం చదివినట్టు గట్టిగా మొదలుపెట్టింది.

"మీ అమ్మాయి ఏ తప్పూ చేయలేదు. క్లాసులో శబ్దం చేసింది వేరేవాళ్లు. తను కాదని చెప్పినా నేను వినలేదు. చూడకుండా కొట్టాను. తప్పు..."

అక్కడ ఆగిపోయింది. కాగితంలోకే చూస్తోంది.

"తప్పు ఎవుల్ది? సదువు," అంది తల్లి.

"తప్పు నాది. ఇక మీద ఎవరినీ కొట్టను. దయచేసి రేపు బడికి పంపండి."

తల్లి గోడకు చేరగిలబడింది. "మల్లీ సదువు," అంది.

ఆ పిల్ల మళ్లీ చదివింది. ఈసారి మెల్లగా. చదవడం అయ్యాక తల్లి నా వైపు కాక కూతురి వైపు చూసింది.

"ఆ రోజు తడిసిపోయి ఇంటికొచ్చినాదమ్మా. టీచరు కొట్టినారన్నాది. మీరు కొట్టినారంటే ఇదేదో సేసే ఉంటాదనుకోని నానూ రెండు ఏసినాను. నాను కాదమ్మా, నాను కాదమ్మా అంటానే ఉన్నాది. నానే ఇన్నేదు."

నేను మాట్లాడే వీలు లేదు. గొంతు ఉండి ఉంటే ఏవో సంజాయిషీలు చెప్పేదాన్నేమో. వర్షం పడుతోంది, కరెంటు లేదు, క్లాసులో రొద అని. మాట లేకపోవడంతో ఆ తల్లీ కూతుళ్ల ముందు నా తప్పు ఒక్కటే మిగిలింది. చేతులు జోడించాను.

ఆ పిల్ల కాగితం మడత పెట్టింది. మొదటిసారి నా కళ్లలోకి చూసి అడిగింది.

"కొట్టినది క్లాసులో కదా టీచర్. క్లాసులో కూడా సెప్తారా?"

"ఒసే!" అంది తల్లి.

నేను ఆమెను ఆపి, చెబుతానని తల ఊపాను.

మర్నాడు పిల్లలు రాకముందే గదికి వెళ్లి, కాగితంలో ఉన్నదే బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాశాను. ఆ పిల్ల పేరు రాయలేదు. ఎవరి గురించో అందరికీ తెలుసు. దాని కింద మాట్లాడలేనని, పదిహేను రోజులు ఇలాగే ఉంటుందని రాశాను. అన్నిటికన్నా కింద రెండు చిన్న లెక్కలు వేశాను. కూర్చోగానే చేయమని.

తర్వాత వెళ్లి గుమ్మం దగ్గర నిలబడ్డాను. అదివరకు గంట కొట్టాక పిల్లలు సర్దుకున్నాకే లోపలికి వెళ్లేదాన్ని. ఆ రోజు వాళ్లకన్నా ముందు నేనున్నాను. ఒక్కొక్కరు వస్తుంటే చేతులు జోడించాను. కొందరు కంగారుపడి నమస్కారం పెట్టారు, కొందరు నవ్వుకుంటూ తప్పించుకుపోయారు. ఆ పిల్ల వచ్చింది. బోర్డు చదివింది. వెళ్లి మూడో బెంచీ చివర కూర్చుని నోటుబుక్కు తీసింది.

రెండు లెక్కలు ఉండడం వల్ల గదిలోకి రావడానికీ పాఠం మొదలవడానికీ మధ్య ఖాళీ లేకుండా పోయింది. అంత గొడవా ఆ అయిదు నిమిషాల ఖాళీలోనే పుట్టేదని ఆ రోజే నాకు తెలిసింది.

అయినా పాఠం రాయడానికి బోర్డు వైపు తిరిగేసరికి రొద వచ్చింది. అరవడానికి గొంతు లేదు. సుద్దముక్క కింద పెట్టి, చేతులు కట్టుకుని, గోడ గడియారం వైపు చూస్తూ నిలబడ్డాను. కోపంగా కాదు, బస్సు కోసం చూస్తున్నట్టు. రొద ఆగలేదు. మూడు నిమిషాలు, అయిదు నిమిషాలు. కదలకూడదని అనుకున్నాను. ఏడో నిమిషంలో శబ్దం పలచబడింది. ఎవరో ఒక అమ్మాయి, "అబ్బా, ఆపండ్రా ఇంక" అంది. ఆగింది. నేను ఏమీ జరగనట్టు సుద్దముక్క అందుకున్నాను.

ఇంటికి వచ్చేటప్పుడు బస్సులో ఆలోచించాను. నేను వీపు చూపించినప్పుడే ఆ శబ్దం వస్తోంది. అయితే వీపు చూపించడం ఎందుకు? మర్నాటి నుంచి లెక్కలన్నీ రాత్రే పెద్ద చార్టుల మీద రాసుకుని తీసుకెళ్లి బోర్డుకు అంటించాను. సాధించాల్సిన చోట పిల్లలనే ఒకరి తర్వాత ఒకరిని పిలిచి సుద్దముక్క ఇచ్చాను. నేను గది వెనక్కి వెళ్లి నిలబడ్డాను. ఆ వెనక నుంచి చూస్తే క్లాసు వేరుగా కనిపించింది. ముందు వరసలో బుద్ధిమంతుడనుకున్న పిల్లవాడు బెంచీ కింద పక్కవాడిని గిల్లుతున్నాడు. అల్లరి జట్టులో ఉందనుకున్న ఒక అమ్మాయి బోర్డు మీది అక్షరాలు కనబడక పక్కవాళ్లను అడుగుతోంది, అదే నాకు కబుర్లలా వినిపించేది. చూపు ఆనని ఆ అమ్మాయిని ముందు బెంచీకి మార్చాను. ఆ మూలలో సగం గొడవ దానితోనే పోయింది.

ఎవరైనా పని ఆపేసి కబుర్లలో పడితే వెళ్లి వాళ్ల బెంచీ పక్కన నిలబడేదాన్ని. ముఖంలోకి చూడకుండా, నోటుబుక్కులో వాళ్లు ఆపిన వరుస మీద వేలు పెట్టి, ముందుకు నడిచిపోయేదాన్ని. అందరి ముందూ పేరు పెట్టి అరిచినప్పుడు ఎదురు తిరిగిన వాళ్లే, ఇలా చేస్తే చప్పుడు చేయకుండా పెన్ను అందుకునేవారు. పదిమందిలో తలదించుకోవడం ఎవరికి ఇష్టం? నాకూ ఇష్టం ఉండదు.

దరువు వేసే పొడుగు అబ్బాయి మాత్రం లొంగలేదు. పక్కన నిలబడితే ఆపేవాడు, రెండడుగులు వేయగానే మళ్లీ మొదలు. నాలుగో రోజు చిన్న చీటీ రాసి అతని పుస్తకంలో పెట్టాను. "నీ దరువు బాగుంది. పీరియడ్ ఆఖరి రెండు నిమిషాలు నీకు ఇస్తాను. అప్పటిదాకా లెక్కలు." చదివి, ఇది నిజమా వేళాకోళమా అన్నట్టు నా వైపు చూశాడు. నేను గడియారం చూపించాను. ఆ రోజు అతని చేతులు బల్ల మీదికి వెళ్లడం, ఆగడం, మళ్లీ పెన్ను పట్టుకోవడం వెనక నుంచి చూశాను. గంటకు రెండు నిమిషాల ముందు చెయ్యి ఎత్తి సైగ చేశాను. అతను వాయించాడు. క్లాసంతా కాళ్లతో తాళం వేసింది. కిటికీలు అదిరాయి.

హెడ్మాస్టరు గారు పరుగున వచ్చారు.

"ఏటమ్మా ఇది? లెక్కల క్లాసా, తప్పెటగుళ్లా?"

పిల్లలు బిగుసుకుపోయారు. నేను బెంచీల మీది నోటుబుక్కులు నాలుగు తీసి ఆయన చేతిలో పెట్టాను. ఆయన పేజీలు తిప్పారు. వెనక బెంచీకి వెళ్లి ఆ పొడుగు అబ్బాయి పుస్తకం కూడా తీసి చూశారు. ఎనిమిది లెక్కలకు ఆరు చేసి ఉన్నాయి.

"వాయించేటప్పుడు తలుపులేసుకోండి," అని వెళ్లిపోయారు.

పదిహేను రోజులు అయ్యాయి. డాక్టరు మాట్లాడవచ్చన్నారు. మాట్లాడిన మొదటి రోజు పిల్లలు చప్పట్లు కొట్టారు. రెండో వారానికల్లా నేను మళ్లీ అరుస్తున్నాను. పాత అలవాటు అంత తొందరగా పోదు. ఒకరోజు ఎనిమిదో తరగతిలో అరిచి వచ్చి, ఆ వేడిలోనే బి సెక్షన్‌లోనూ గొంతు పెంచాను. నా గొంతుతో పాటు వాళ్ల గొంతులూ పెరిగాయి. అప్పుడు మూడో బెంచీ చివర నుంచి వినిపించింది.

"టీచర్, మీ గొంతు మల్లీ పోతాది."

వెటకారం కాదు. ఆ రోజు తర్వాత ఆ పిల్ల తనంతట తాను నాతో బడిలో మాట్లాడిన మొదటి మాట అది. నేను వాళ్లింటికి వెళ్లి వచ్చి నెలకు పైగా అయింది. అడిగిన దానికి జవాబు చెప్పేది, అంతకు మించి ఒక్క మాట లేదు. నేనూ బలవంతం చేయలేదు.

ఆ రోజు పాఠం పక్కన పెట్టి, క్లాసు ఎలా ఉండాలో మీరే చెప్పండని అడిగాను. చాలా చెప్పారు. బోర్డు మీద రాసి, కొట్టేసి, చివరికి మూడు మిగిల్చారు. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు ఆగాలి. తప్పు చెప్పినవాళ్లను చూసి నవ్వకూడదు. మూడోది నా కోసం పెట్టారు. గంట కొట్టాక టీచరు పాఠం లాగకూడదు. నవ్వు వచ్చింది, కానీ ఒప్పుకున్నాను. ఎన్నో సార్లు లెక్క సగంలో ఉండగా గంట కొట్టింది. సుద్దముక్క కింద పెట్టేశాను. నేను నా నియమం పాటిస్తున్నానా లేదా అని వాళ్లు నన్ను కనిపెడుతూనే ఉండేవారు.

అన్నీ సాఫీగా సాగలేదు. దసరా సెలవులకు ముందు ఆ పొడుగు అబ్బాయి పక్క బెంచీ వాడి నోటుబుక్కు లాక్కుని బయట బురదలోకి విసిరేశాడు. ఆ నోటుబుక్కు వాడు ఏడుపు మొదలుపెట్టాడు. క్లాసంతా నా ముఖం చూస్తోంది. నా చేతికి పాత దురద పుట్టింది. వరండాలోకి రమ్మని సైగ చేశాను. తలుపు అవతల, ఎవరికీ వినపడని చోట నిలబడి అడిగాను.

"ఏమైంది?"

"ఏటీ నేదు."

నేను ఇంకేమీ అడగకుండా నిలబడ్డాను. మాట లేని రోజుల్లో నేర్చుకున్న ఓపిక అది. చాలాసేపటికి నేల చూస్తూ అన్నాడు.

"మా నాన్నకి కిడ్నీలు పోనాయని, ఇంక ఎక్కువ రోజులు ఉండడని ఆడు అన్నాడు."

ఈ ప్రాంతంలో ఆ జబ్బు లేని వీధి తక్కువ. కానీ తన ఇంట్లోది అయినప్పుడు ఆ మాట ఎలా తగులుతుందో నాకేం తెలుసు?

"వాడి మాట తప్పు. వాడితో నేను మాట్లాడతాను. నువ్వు చేసింది కూడా తప్పే. ఆ పుస్తకం ఎవరు బాగుచేయాలి?"

"నానే."

మూడు రోజులు మధ్యాహ్నం భోజనాల తర్వాత పాడైన పాఠాలన్నీ కొత్త నోటుబుక్కులోకి ఎక్కించాలని ఒప్పందం. మొదటి రోజు రాలేదు. నేను వెళ్లి గదిలో కూర్చున్నాను. భోజనం వేళ అంతా ఖాళీ గదిలోనే ఉన్నాను. రెండో రోజూ అంతే. మూడో రోజు కిటికీలోంచి తొంగి చూసి, "ఇంకా సూత్తన్నారేటి టీచర్?" అన్నాడు. "నువ్వు వచ్చేదాకా చూస్తాను," అన్నాను. వచ్చి కూర్చున్నాడు. నాలుగో రోజు నుంచి ఆ నోటుబుక్కు పిల్లవాడు కూడా వచ్చి పక్కన కూర్చుని తన రాత తనే చదివి చెప్పాడు. క్షమాపణలు చెప్పుకున్నారో లేదో నేను అడగలేదు.

పని పూర్తయిన సాయంత్రం ఆ అబ్బాయి తండ్రికి ఫోన్ చేశాను. బడి నుంచి అనగానే ఆయన గొంతు బెదిరిపోయింది.

"ఏటి సేసినాడమ్మా మావోడు? నాను ఆస్పత్రిలో డయాలసిస్ మంచమ్మీద ఉన్నానమ్మా. రేపొచ్చి కాళ్లు పట్టుకుంటాను, పేరు కొట్టెయ్యకండమ్మా."

"పేరు కొట్టేయడానికి కాదండీ. మీవాడు ఒప్పుకున్న పని పూర్తి చేశాడు. లెక్కలు కూడా నేర్చుకుంటున్నాడు. ఆ మాట చెబుదామని చేశాను."

ఫోన్ కట్టయిందనుకున్నాను.

"అందుకే సేసినారా?" అన్నాడాయన. "ఇంకేటీ నేదా?"

"ఇంకేమీ లేదు."

"మల్లీ సెప్పండమ్మా. పక్క మంచపాయనకి ఇనబడేలాగ పెడతాను."

మళ్లీ చెప్పాను. ఆ తర్వాత నుంచి వారానికి ఆరు ఇళ్లకు ఫోన్ చేయడం పెట్టుకున్నాను. తప్పు చెప్పడానికి కాదు. ఏదో ఒక మంచి సంగతి, అదీ నిజమైనది, వెతికి పట్టుకుని చెప్పడానికి. కొందరి విషయంలో వెతకడానికి వారమంతా పట్టేది. అలా వెతకడం వల్ల నాకే ఆ పిల్లలు కొత్తగా కనిపించారు.

ఏడాది చివర తల్లిదండ్రుల సమావేశానికి ఆ అమ్మాయి తల్లి పని మానుకుని వచ్చింది. అందరూ వెళ్లిపోయాక నా బల్ల దగ్గరికి వచ్చింది.

"ఇప్పుడు మా పిల్ల ఏటి సెప్పినా ముందు ఇంటన్నానమ్మా. ఇన్న తరవాతే తిడతన్నాను," అంది. ఇద్దరం నవ్వుకున్నాం.

ఆ క్లాసులో ఆ రొద ఎవరు మొదలుపెట్టేవారో నాకు ఈనాటికీ తెలియదు. ఆ పిల్ల ఎప్పుడూ చెప్పలేదు. పదో తరగతి లెక్కల్లో బడి మొత్తం మీద తనే మొదటిది. ఇప్పుడు టెక్కలిలో పాలిటెక్నిక్ చదువుతోంది. ఆ పొడుగు అబ్బాయి లెక్కల్లో తప్పాడు. వేసవి అంతా ఎండలో సైకిలు తొక్కుకుంటూ వచ్చి నా దగ్గర చదివి, సప్లిమెంటరీలో గట్టెక్కాడు. తండ్రి ఆ ఫలితం చూశాడు. ఆ వర్షాకాలం దాటలేదు. దినకార్యం రోజు నేను వెళ్లినప్పుడు ఆ అబ్బాయి వచ్చిన వాళ్లందరికీ మంచినీళ్లు ఇస్తూ తిరుగుతున్నాడు. నా దగ్గరికి వచ్చి, "మీ ఫోను మాట ఊరంతా సెప్పుకున్నాడు టీచర్ మా నాన్న," అని మాత్రం అన్నాడు. తెల్లారి వైరింగు పని నేర్చుకోవడానికి కంచిలి వెళ్లిపోయాడు.

నేను మారిపోయానని చెప్పను. కిందటి నెల కూడా ఒక పిల్లవాడి మీద అరిచాను. మర్నాడు అందరి ముందూ అతనికి క్షమాపణ చెప్పుకున్నాను. బెత్తం మాత్రం మళ్లీ పట్టలేదు.

ఈసారి బదిలీలు వచ్చినప్పుడు టెక్కలి దగ్గరే ఖాళీ ఉంది. ఇంట్లో అందరూ పెట్టుకోమన్నారు. పెట్టుకోలేదు. హెడ్మాస్టరు గారు ఏ సెక్షనుకు ఎవరు క్లాస్ టీచరో పంచుతూ, "ఈ ఏడు మీకు ఎనిమిది ఎ ఇద్దామనుకుంటన్నానమ్మా, నిదానమైన పిల్లలు," అన్నారు. తొమ్మిది బి కావాలన్నాను. తెలుగు మాస్టారు రిటైరైపోయారు గాని, ఆయన కుర్చీలోకి వచ్చిన కొత్తమ్మాయి కళ్లు పెద్దవి చేసుకుని చూసింది.

బడి తెరవడానికి ఇంకా నాలుగు రోజులున్నాయి. క్లాసు జాబితా, ఆ పిల్లల పాత ఫొటోలు ఇంటికి తెచ్చుకుని ముందేసుకున్నాను. ముప్పై ఎనిమిది మంది. ఒకే ఇంటిపేరు వాళ్లు ఏడుగురు, అందులో ఇద్దరివి పేర్లు కూడా ఒకటే. మొదటి రోజు గుమ్మం దగ్గర ఏ ఒక్కరినీ "నీ పేరేంటి" అని అడగకూడదని పట్టు. ఇప్పటికి ఇరవై ఆరు పేర్లు వచ్చాయి.